స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే లైసెన్స్ పోయింది

మా డేటాబేస్ లైసెన్స్ ఫిజికల్ సాకెట్ల (సర్వర్‌లో ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్ల) లెక్కన కొన్నది, అందుకే క్లౌడ్‌లో రెండు డెడికేటెడ్ హోస్టులు, అంటే మాకు మాత్రమే కేటాయించిన అసలు సర్వర్లు, పెట్టుకుని ఒకదానికే లైసెన్స్ ముడిపెట్టాం. మొన్న డిస్కు పనుండి, దాని మీద డేటాబేస్ నడిపే వర్చువల్ మెషీన్‌ను స్టాప్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే, అది బాగానే లేచింది గానీ డేటాబేస్ మాత్రం లైసెన్స్ చెల్లదని మొండికేసింది. గంటసేపు లైసెన్స్ ఫైలుతో కుస్తీ పట్టి, ఎందుకో హోస్ట్ ఐడీ చూస్తే చివరి నాలుగు అక్షరాలు వేరు! అంటే మెషీన్ రెండో హోస్ట్ మీద లేచింది. రీబూట్ అయితే అదే సర్వర్ మీద ఉంటుంది. స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే, హోస్ట్ అఫినిటీ (మెషీన్‌ను ఒకే హోస్ట్‌కి కట్టి ఉంచే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే, ఖాళీ ఉన్న ఏ హోస్ట్ మీదికైనా పోవచ్చు. మాది ఆఫ్‌లోనే ఉంది, నేనే చూసుకోలేదు. మెషీన్ ఆపి, అఫినిటీని పాత హోస్ట్‌కి కట్టేసి లేపాను, టెన్షన్ తీరింది. రెండో హోస్ట్‌ను అప్పుడే రిలీజ్ చేశా, ఖాళీగా ఉన్నా దాని బిల్లు ఆగదు మరి.