నెలలు నిండాక టెన్షన్‌గా ఉంటే ఇష్టమైన సినిమాతో ఊరట పొందడం ఎలా?

మే నెలాఖరు, రోహిణి కార్తె, కావలి, తొమ్మిదో నెల. నాకు ఈ నాలుగూ ఒకేసారి కలిశాయి. కాన్పుకు పుట్టింటికొచ్చి, ఫ్యాను కింద కూర్చుని ఫోన్లో లేనిపోని జబ్బులన్నీ వెతుక్కునేదాన్ని. రెండు రోజులు చూసి అమ్మ ఫోన్ లాక్కుని టీవీలో పాత సినిమా పెట్టింది. ఆ నెల గడిచింది దాంతోనే. ఎలా చూస్తే హాయిగా ఉంటుందో నాకు తెలిసింది చెప్తాను.

1. తెలిసిన సినిమానే పెట్టుకోండి

కొత్తది వద్దు. నొప్పులు ఎప్పుడొస్తాయో, మామూలు కాన్పో ఆపరేషనో, ఏదీ మన చేతిలో లేని రోజులివి. ఇంక సినిమాలో కూడా ఏమవుతుందో అని బిగబట్టుకుని కూర్చోవడం ఎందుకు? డైలాగు టీవీలో రాకముందే మన నోట్లోకి వచ్చేసే సినిమా కావాలి. అలాంటివి ఐదారు రాసిపెట్టుకోండి.

ఆ ఐదారులో కాన్పు సీను ఉందేమో ఒకసారి గుర్తు చేసుకోండి. మన సినిమాల్లో కాన్పంటే ఉరుములు, మెరుపులు, డాక్టరు బయటికొచ్చి తల్లో బిడ్డో ఒక్కరే దక్కుతారనడం! కామెడీ అనుకుని పెట్టిన సినిమాలో నాకు అదే తగిలింది. ఆ రాత్రి నిద్ర లేదు.

కడుపుతో ఉన్నవాళ్ళు ఏడుపు సినిమాలు చూడకూడదంటారు పెద్దవాళ్ళు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఏడిస్తే తేలికపడే మనిషైతే చూడండి. మర్నాటిదాకా మనసు బరువుగానే ఉంటే మాత్రం దాన్ని పక్కన పెట్టేయండి.

2. ముక్కలు ముక్కలుగా చూడండి

1957లో వచ్చిన మాయాబజార్ దాదాపు మూడు గంటలు. నేను నాలుగు మధ్యాహ్నాలు చూశాను. ఘటోత్కచుడు పెళ్ళివంటలు ఖాళీ చేసే చోటుకి రోజూ వెనక్కి తిప్పించేదాన్ని. అప్పుడు నాకు గుండెల్లో మంట, మూడు ముద్దలు దిగితే గొప్ప. ఎస్వీ రంగారావు తింటుంటే నాకు కడుపు నిండినట్టుండేది. "ఏందమ్మే, మళ్ళా అదేనా?" అంటూనే అమ్మా వచ్చి కూర్చునేది.

3. పాట రాగానే లేవండి

ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే పాదాలు వాస్తాయి, రక్తం గడ్డకట్టే అవకాశమూ కడుపుతో ఉన్నప్పుడు కాస్త ఎక్కువ. అందుకే పాట వస్తే లేచి హాల్లో నాలుగడుగులు, ఎలాగూ బాత్రూంకి వెళ్ళాల్సిందే. పడుకుని చూస్తే ఎడమవైపు తిరిగి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద చిన్న దిండు పెట్టుకోండి. వెల్లకిలా వద్దు. పక్కనే నీళ్ళు పెట్టుకోండి. మా ఇంట్లో పొదలకూరు నిమ్మకాయ పిండిన నీళ్ళు ఉండేవి.

4. చుట్టాలొస్తే

సౌండు కాస్త పెంచండి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఎవరి కోడలికో కాన్పు కష్టమైన కథ ఒకటి మొదలుపెడతారు. ప్రేమతోనే లెండి. "అత్తా, ఈ సీను చూడు" అంటే చాలు, ఆవిడా సినిమాలో పడిపోతుంది.

5. రాత్రిళ్ళు

నిద్ర పట్టకపోతే తెర చూడకండి, వెలుతురుకి ఉన్న కాస్త నిద్రా పోతుంది. కళ్ళు మూసుకుని పాటలు వినండి. మన నెల్లూరు బాలు పాటలుండగా వేరే మందెందుకు?

6. సినిమా ఆపేయాల్సినప్పుడు

రోజుకోసారి భోజనం అయ్యాక టీవీ కట్టేసి ఎడమవైపు పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోయినా, రోజూ తిరిగే తీరు తగ్గినా అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా చూడొద్దు. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పితో చూపు మసకబారినా అంతే. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ఇష్టమైన సినిమా కూడా రుచించకుండా, దిగులు రెండు వారాలైనా వదలకపోతే అది సినిమాతో తీరేది కాదు. డాక్టరుకి చెప్పండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

7. ఆసుపత్రి సంచిలో

పాత చీరలు, రిపోర్టులతో పాటు ఛార్జరు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. వార్డులో సిగ్నల్ ఉంటుందో లేదో, రెండు సినిమాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నేను ఇయర్‌ఫోన్లు మర్చిపోయాను. సౌండు బాగా తగ్గించి పెట్టుకుంటే పక్క మంచం ఆవిడ ఇటు తిరిగి, "కొంచెం పెంచమ్మా, నాకూ వినబడాల" అంది.