వానాకాలం ఫోటోవాక్‌కి పోతున్నారా? గుంపులో ఒకరు కెమెరా పట్టొద్దు

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే దక్షిణ తెలంగాణలో కెమెరా ఉన్నవాళ్ల కాళ్లు ఇంట్లో నిలవవు. ఎండాకాలమంతా బోసిగా ఉన్న గుట్టలు పచ్చబడతాయి, కుంటలు నిండుతాయి, నాట్లు మొదలవుతాయి. ఆగస్టు వచ్చిందంటే జూరాల నుంచి నాగార్జునసాగర్ దాకా గేట్లు ఎప్పుడు లేస్తాయా అని ఎదురుచూపులు. తప్పకుండా వెళ్లండి, ఏడాది మొత్తంలో మన నేల ఇంత అందంగా ఉండేది ఈ మూడు నాలుగు నెలలే. అయితే బయల్దేరే ముందు ఒక ఏర్పాటు చేసుకోండి. గుంపులో ఒకరు ఆ పూట కెమెరా పట్టకూడదు.

వ్యూఫైండర్‌కి కన్ను ఆనించిన మనిషికి ఆ చట్రంలో ఉన్నదే లోకం. వెనక్కి ఒక అడుగు వేస్తే బండ అంచు ఉందనీ, పడమట మబ్బు కమ్ముకొస్తోందనీ, పాదాల దగ్గర నీళ్లు ఇందాకటికంటే పెరిగాయనీ తెలియదు. పదిమంది కలిసి వెళ్తే ధైర్యం అనుకుంటాం గానీ, ఎవరో ఒకరు చూస్తుంటారులే అని అందరూ అనుకోవడంతో చివరికి ఎవరూ చూడరు. అందుకే చూడటమే పనిగా ఒక కాపలా మనిషి ఉండాలి. వంతులవారీగా మారండి, ఒక్కరికే భారం వేయకండి. ఆ మనిషి ఫోన్‌తో కూడా ఫోటో తీయకూడదు. "చాలు, ఇక పదండి" అన్నప్పుడు వెలుగు ఎంత అద్భుతంగా ఉన్నా, ఎదురు మాట్లాడకుండా అందరూ లేవాలి. ఈ మాట బండి ఎక్కకముందే ఒప్పుకోవాలి, అక్కడికి పోయాక వాదన పెట్టుకోవద్దు. గుంపు పెద్దదైతే ముందొకరు, వెనకొకరు.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది నీళ్లకి. మనవైపు చినుకు లేదు కదా అని కృష్ణలో దిగేవాళ్లను ప్రతి ఏడూ చూస్తుంటాం. కృష్ణకు వరద ఇక్కడి వానతో రాదు. మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల్లో కురిసిన వాన ఆలమట్టి నింపి, నారాయణపూర్ నింపి, జూరాలకు వస్తుంది. అక్కడి నుంచి శ్రీశైలం, తర్వాత సాగర్. గద్వాల దగ్గర ఎండ కాస్తుండగానే జూరాల కింద బండల మధ్య నీళ్లు లేవొచ్చు. ఆ బండల మధ్య మడుగుల్లో ఆకాశం ప్రతిబింబం బాగా పడుతుంది, సరిగ్గా దానికోసమే మనవాళ్లు కిందికి దిగుతారు. బయల్దేరే రోజు పొద్దున పేపర్లో ఏ ప్రాజెక్టు నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో చూడండి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. అక్కడ నీళ్లు ఆ అంకెకు దగ్గరపడి, పైన శ్రీశైలం గేట్లు తెరిచారంటే సాగర్ 26 గేట్లలో కొన్నైనా లేచే సమయం దగ్గరపడిందన్నమాట. సైరన్ వినపడితే సామాను సర్దుకుంటూ కూర్చోకండి. ట్రైపాడ్ అక్కడే వదిలేసి పైకి రండి. డ్యాముల దగ్గర అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే కేసు అవుతుంది, అది బ్యాగులోంచి తీయనే తీయొద్దు.

మూసీదీ అదే కథ. హైదరాబాద్‌లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే ఆ నీళ్లు మన వలిగొండ వైపు వస్తాయి. జూలూరు, రుద్రవెల్లి మధ్య లోలెవల్ వంతెన, భీమలింగం దగ్గరి వంతెన మునిగిపోతాయి. వంతెన మీద జానెడు నీళ్లే కదా అనిపిస్తుంది. పారే నీళ్లు జానెడు లోతున్నా మనిషిని పడదోస్తాయి, అడుగు దాటితే చిన్న కారును పక్కకు నెడతాయి. పైగా ఆ నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కనపడదు.

ఇక చెరువు మత్తడి, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లి పారే చోటు. మత్తడి దుంకుతోందని వాట్సాప్‌లో ఒక్క వీడియో వస్తే చాలు, సాయంత్రానికల్లా అక్కడ నాలుగు ట్రైపాడ్లు లేస్తాయి. ఒకసారి ఆ రాళ్లను దగ్గరగా చూడండి. నీళ్లు పలచగా జారుతున్న చోట రాయి మీద నల్లగా, కొంచెం ఆకుపచ్చగా పాచి ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు గరుకుగానే తగులుతుంది, తడిస్తే బూటుకైనా పట్టు దొరకదు. మత్తడి కింద నీళ్లు పడేచోట సుడి తిరుగుతుంది. అందులో పడ్డవాణ్ని పైకి రానీయకుండా మళ్లీ మళ్లీ లోపలికే లాగుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా మునిగేది అక్కడే. వల వేసేవాళ్లు నడుముల్లోతులో నిలబడ్డారని మనమూ నిలబడకూడదు. ఏ రాయి ఎక్కడుందో వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నీళ్లను పాలనురుగులా తీయాలనుకుంటే నీళ్లలో దిగక్కర్లేదు. కట్ట మీద, ప్రవాహానికి పక్కగా ట్రైపాడ్ పెట్టి, లెన్స్‌లోకి వెళ్లే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసుకుని అర సెకను షట్టర్ ఇవ్వండి, చాలు. అసలు పారే నీళ్లలో ట్రైపాడ్ కాళ్లు వణుకుతాయి, ఫోటో కూడా సరిగా రాదు. నీళ్ల దగ్గర కెమెరా స్ట్రాప్‌ను చేతికి చుట్టుకోవద్దు. అవసరమైతే వదిలేయగలగాలి.

గుట్టల మీద ప్రమాదం పైనుంచి వస్తుంది. భువనగిరి కోట ఉన్నది ఒకే ఒక్క పెద్ద బండ మీద. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ ఏదైనా సరే, పైకెక్కాక చుట్టుపక్కల అందరికంటే ఎత్తున ఉన్నది మీరే. పిడుగుకు కావలసిందీ అదే. మెరుపు కనపడగానే సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినపడితే ఆ పిడుగు పది కిలోమీటర్ల లోపలే పడింది, అంటే తర్వాతది మీ మీద పడొచ్చు. వెంటనే దిగాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. పక్కా ఇల్లు, అద్దాలు మూసిన కారు తప్ప మిగతా ఏదీ ఆసరా కాదు. తాటిచెట్టు కిందికి అసలే పోవద్దు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఎంత గొడుగు పట్టినట్టున్నా ఉరుముల వేళ అదీ చెట్టే. పూణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి, దగ్గర్లో పిడుగులు పడే సూచన ఉంటే హెచ్చరిస్తుంది. దాన్ని కాపలా మనిషి చేతికివ్వండి. మెరుపుల ఫోటో కావాలంటే ఇంటి కిటికీలోంచి, కారులోంచి తీయండి.

దిగేటప్పుడు ఇంకొక మాట. మన గుట్టల మీద నిలువుగా నల్లటి చారలు కనిపిస్తాయి. వాన నీళ్లు ఏళ్లుగా జారిన దారులవి. తడిసినప్పుడు ఆ చారల మీద కాలు పెట్టొద్దు. పక్కనున్న తెల్ల బండ మీదుగా, చుట్టు తిరిగైనా సరే, దిగండి.

చేనులోకి దిగేవాళ్లు భయపడాల్సింది కరెంటుకి. అడవిపందుల కోసం చేను చుట్టూ కట్టిన తీగకు కరెంటు పెట్టడం చట్టం ఒప్పుకోదు, అయినా పెడుతున్నారు, మనుషులు చనిపోతున్నారు. పొద్దు పొడవకముందు మంచులో వరి పొలం తీద్దామని గెట్టు దాటేటప్పుడు సన్నటి ఆ తీగ కంటికి ఆనదు. అందుకే ఊళ్లో ఎవరైనా కనపడితే అడగాలి. "కాకా, ఈ తొవ్వ పట్టి పోవచ్చా? తీగెలకు కరెంటు పెట్టిండ్రా?" అని అడిగితే చిన్నతనం కాదు, ప్రాణం నిలుస్తుంది. ఎవరూ లేకపోతే బాటమీదే ఆగండి. తడి చేతులతో మోటారు స్టార్టర్ డబ్బాను ముట్టొద్దు. గోడ లేని పాత బావుల అంచులను ఈ కాలంలో గడ్డి కప్పేస్తుంది. ఫోటో కోసం వెనక్కి నడిచేవాళ్లకు కాపలా మనిషి తోడుండాల్సింది ముఖ్యంగా ఇక్కడే.

నాట్లు వేసే ఆడవాళ్లను ఫోటో తీసే ముందు, "అక్కా, ఫోటో తీయొచ్చా?" అని అడగండి. వద్దంటే వద్దు. వంగి పనిచేస్తున్నవాళ్లను వెనకనుంచి తీయడం మర్యాద కాదు. వరుసలో నిలబడమని, నవ్వమని పని ఆపించొద్దు, వాళ్లది కూలి సమయం. ఊరివాళ్లతో గొడవలు ఇక్కడే పుడతాయి, తప్పు చాలాసార్లు మనదే.

పాముల సంగతి తెలిసిందే అయినా చెప్పాలి. పాత కోట గోడల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, చీకట్లో టార్చ్ లేకుండా నడవొద్దు, చెప్పుల బదులు చీలమండ దాటిన బూట్లు వేసుకోండి. కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, పాము మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు దాదాపు ఉండకపోవచ్చు. ఏం కాలేదులే అని ఇంటికి పోవడమే ప్రాణం తీస్తుంది. పసరు మందు దగ్గర గంట పోగొట్టుకోవద్దు.

నల్లమల వైపు వెళ్లేవాళ్లు ముందే అటవీశాఖను అడగండి. పులుల అభయారణ్యాల్లో మామూలుగా జులై నుంచి సెప్టెంబర్ చివరిదాకా సఫారీలు ఆపేస్తారు. మన్ననూరు నుంచి అడవిలోంచి పోయే శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. సాయంత్రం వెలుగు కోసం ఆగి చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా కారులో కూర్చోవాల్సి వస్తుంది. లోపల ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసి పెట్టండి.

సామాను గురించి రెండు ముక్కలు. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటికి తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బ్యాగు మూసే ఉంచి పావుగంట ఆగండి, తొందరపడి లెన్స్ విప్పితే తేమ లోపలికి చేరుతుంది. ఇంటికొచ్చాక తడి బ్యాగులో కెమెరా వదిలేయొద్దు, లెన్స్‌కు బూజు పట్టేది అలాగే. మెత్తటి బట్టతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ సంచులతో పెట్టండి. రంగు మారే రకం సిలికాజెల్ అయితే తేమ పీల్చుకున్న సంగతి చూడగానే తెలుస్తుంది. అప్పుడు గింజలను సంచిలోంచి తీసి, వంటకు వాడని పాత పెనంలో సన్నని మంట మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి.