రెటాట్రుటైడ్ సీసా చేతికొస్తే: బరువు తగ్గాలనుకునేవారికి జాగ్రత్తలు

పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ బరువు తగ్గాలన్న తొందర చాలా ఇళ్ళలో మొదలవుతుంది. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకే కాదు, ఫొటోల్లో పక్కన నిలబడబోయే అక్కలు, బావలు, మేనమామలు కూడా మూడు నెలల్లో ఎన్ని కిలోలు దిగగలమో లెక్క వేసుకుంటారు. సరిగ్గా ఈ తొందరలోనే జిమ్‌లోనో, టెలిగ్రామ్ గ్రూపులోనో, విదేశం నుంచి వచ్చే బంధువు పెట్టెలోనో ఒక చిన్న గాజు సీసా ఎదురుకావచ్చు. అడుగున కాస్త తెల్లటి పొడి, పైన రబ్బరు మూత, చీటీ మీద రెటాట్రుటైడ్ అన్న పేరు ఉంటాయి.

బరువు తగ్గించే ఇంజెక్షన్‌గా చెప్పుకునే ఈ మందుకు ఇప్పటివరకు ఏ దేశంలోనూ ఆమోదం లేదు. అమెరికా కంపెనీ ఎలై లిల్లీ దీన్ని తయారుచేసి ఇంకా పరీక్షిస్తోంది. ఆ పరీక్షల బయట ఎక్కడ, ఎవరు అమ్మినా అది అనుమతి లేని సరుకే. నా సలహా దాపరికం లేకుండా చెబుతున్నాను: కొనకండి, ఎవరైనా ఉచితంగా ఇచ్చినా పొడుచుకోకండి. కారణాలు ముందు చెబుతాను. ఇప్పటికే పొడుచుకున్నవారు భయపడి దాచుకోకుండా ఏం చేయాలో ఆ తర్వాత చెబుతాను.

ఆశ ఎక్కడి నుంచి వచ్చింది

ఆశపడేవాళ్ళను తప్పుపట్టలేం. ఫలితాలు నిజంగానే పెద్దవి. మన పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1, జీఐపీ అనే రెండు హార్మోన్ల పనిని, క్లోమంలో తయారయ్యే గ్లూకగాన్ పనిని ఈ ఒక్క పెప్టైడే (చిన్న ప్రొటీన్ లాంటి అణువు) చేస్తుంది. మొదటి రెండు ఆకలిని తగ్గిస్తాయి. మూడోది శరీరం ఖర్చు చేసే శక్తిని పెంచుతుందని భావిస్తున్నారు. ఇప్పటికే ఆమోదం ఉన్న మందుల్లో సెమాగ్లుటైడ్ (వెగోవీ) ఒక్క జీఎల్‌పీ-1 దారిలోనే పనిచేస్తుంది, టిర్జెపటైడ్‌ (మౌంజారో)కు రెండు దారులు, దీనికి మూడు. 2023 జూన్‌లో వెలువడిన రెండో దశ పరీక్షలో 338 మంది పెద్దవాళ్ళు పాల్గొన్నారు. వారానికి 12 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారు 48 వారాల్లో సగటున 24.2 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారు తగ్గింది 2.1 శాతమే.

అయితే ఆ 48 వారాలు ఎలా గడిచాయో అమ్మేవాడు చెప్పడు. మొదట 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 4కు, 8కి, ఆ తర్వాత 12కు తీసుకెళ్ళారు. అంటే పూర్తి మోతాదుకు చేరడానికే దాదాపు మూడు నెలలు పట్టింది. 2తో కాకుండా 4తో మొదలుపెట్టినవారికి వాంతులు, వికారం, విరేచనాల బాధ ఎక్కువైంది. కాబట్టి పెళ్ళికి మూడు నెలలే ఉందని మెట్లు దాటేసి దూకాలనుకునేవారికి ఈ మందు అసలు సరిపడదు. పైగా ఇది ఒంట్లో నెమ్మదిగా కరుగుతుంది. సగం కరగడానికే సుమారు ఆరు రోజులు పడుతుంది. ఈ రోజు పొడుచుకున్నది ఎక్కువైతే రేపు వెనక్కి తీయలేం, విరుగుడు ఇంజెక్షనూ లేదు. వారం పైగా ఆ బాధను మోయాల్సిందే.

పరీక్షల్లోనే కొత్త సంగతులు ఇంకా బయటపడుతున్నాయి. రెండో దశలో గుండె వేగం పెరగడం కనిపించింది. అది 24 వారాల దగ్గర గరిష్ఠానికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. 2025 డిసెంబరులో కంపెనీ ప్రకటించిన మూడో దశ ఫలితాల్లో, ఊబకాయంతోపాటు మోకీళ్ళ అరుగుదల ఉన్న 445 మందిపై 68 వారాలు జరిపిన పరీక్షలో, 12 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఐదుగురిలో ఒకరికి చర్మ స్పర్శ మారిపోయింది. మామూలుగా తాకినా మంటగానో, చురుక్కుమన్నట్టో అనిపించే స్థితి ఇది. దుష్ప్రభావాలు తట్టుకోలేక ఆ మోతాదు వారిలో 18 శాతం మంది మధ్యలోనే మానేశారు. డాక్టర్లు వారివారి రక్తం, గుండె, కిడ్నీలు చూస్తూ ఉండగా జరిగిన సంగతి ఇది. ఇంట్లో ఒంటరిగా పొడుచుకునేవారికి ఆ కాపలా ఉండదు.

ఆమోదం అన్నది కాగితం తతంగం అనుకునేవారికి ఒక పాత సంగతి గుర్తుచేయాలి. బరువు తగ్గించే మందుల చరిత్ర నిండా ఇలాంటి గాయాలే. ఆమోదం పొంది లక్షలమంది మింగిన సిబుట్రమైన్‌ను గుండెపోటు, పక్షవాతం ముప్పు బయటపడ్డాక 2010లో వెనక్కి తీసుకున్నారు. యూరప్‌లో ఆమోదం పొందిన రిమోనబాంట్‌ను మానసిక కుంగుబాటు, ఆత్మహత్యా భావనల కారణంగా 2008లో ఆపేశారు. పూర్తి పరీక్షలు దాటిన మందులకే ఈ గతి పట్టినప్పుడు, పరీక్ష మధ్యలో ఉన్న మందును పేరు చూసి నమ్మడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

సీసాలో ఉన్నది అదేనని ఎవరు చెప్పారు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. 24 శాతం బరువు తగ్గించింది ఆ కంపెనీ తయారుచేసి, పరీక్షా కేంద్రంలో ఇచ్చిన మందు. మీ చేతిలోని పొడికి ఆ ఫలితంతో ఏ సంబంధమూ లేదు. పేరొక్కటే ఉమ్మడి.

ఇలాంటి సీసాల మీద చాలాసార్లు "పరిశోధన అవసరాలకు మాత్రమే, మనుషులకు కాదు" అని రాసి ఉంటుంది. అది వినయం కాదు, అమ్మేవాడు తన తల తప్పించుకునే దారి. మీకేదైనా అయితే, మనుషులకు కాదని ముందే రాశాం కదా అంటాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇటువంటి అమ్మకందార్లకు హెచ్చరిక లేఖలు పంపింది. ఈ మందును అక్కడి ఫార్మసీలు కలిపి తయారుచేసి ఇవ్వడం కూడా చట్టవిరుద్ధమని తేల్చి చెప్పింది. బ్రిటన్‌లో 2025 అక్టోబరులో నార్తాంప్టన్‌లోని ఒక అక్రమ తయారీ కేంద్రంపై అధికారులు దాడిచేసి, రెటాట్రుటైడ్, టిర్జెపటైడ్ నింపిన ఇంజెక్షన్ పెన్నులు 2,000కు పైగా పట్టుకున్నారు. అంటే విదేశం నుంచి వచ్చింది కదా, మంచిదే అయ్యుంటుంది అన్న నమ్మకానికి ఆధారం లేదు.

స్వచ్ఛత 99 శాతం అని చూపించే ల్యాబ్ పత్రం గురించి కూడా ఒక మాట. ఆ పత్రం మీ సీసా బ్యాచ్‌దేనని మీరు రుజువు చేయలేరు. అది నిజమైనదే అయినా పెప్టైడ్ ఎంత స్వచ్ఛమో మాత్రమే చెబుతుంది. క్రిములు ఉన్నాయా, చనిపోయిన బాక్టీరియా వదిలే విషాలు ఉన్నాయా అన్నది వేరే పరీక్ష. చర్మం కింద పొడుచుకునే ద్రవానికి అదే ప్రాణాధారమైన పరీక్ష. ఆ విషాలు ఒంట్లోకి వెళితే కొద్ది గంటల్లోనే చలి, వణుకు, తీవ్ర జ్వరం, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు. ఇక మన వేసవిలో కొరియర్ గోదాములో రోజుల తరబడి మగ్గిన పార్సెల్ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

సిరంజి దగ్గర జరిగే పొరపాటు

దీని గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. పెన్నుల్లో వచ్చే ఆమోదిత మందుల్లో మోతాదు ముందే లెక్కకట్టి ఉంటుంది. పొడి సీసా అలా కాదు. నీళ్ళు మీరే కలపాలి, ఎంత లాగాలో మీరే లెక్కకట్టాలి. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కల్లో చాలావరకు విదేశాల్లో వాడే 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిని దృష్టిలో పెట్టుకొని రాసినవి. మన మెడికల్ షాపుల్లో మాత్రం ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజి కూడా మామూలుగా దొరుకుతుంది. రెండిటి గీతలూ ఒకేలా కనిపిస్తాయి. కానీ 100 యూనిట్ల సిరంజిలో 40వ గీత అంటే 0.4 మిల్లీలీటరు. 40 యూనిట్ల సిరంజిలో అదే 40వ గీత అంటే పూర్తిగా ఒక మిల్లీలీటరు. ఒక్క సిరంజి మారితే మోతాదు రెండున్నర రెట్లు అవుతుంది. 2 మిల్లీగ్రాములు అనుకున్నది 5 మిల్లీగ్రాములవుతుంది. పైన చెప్పిన రెండో దశ పరీక్షలో ఎవరికీ అంతటితో మొదలుపెట్టలేదు. సీసా మీద 10 మిల్లీగ్రాములు అని ఉన్నా లోపల నిజంగా అంతే ఉందన్న హామీ లేదు కాబట్టి, సిరంజి సరైనదే అయినా మీ లెక్క లెక్క కాదు.

ఒకే సీసాను అన్నదమ్ములో, స్నేహితులో పంచుకోవడం ఇంకో ప్రమాదం. సూది మార్చినా, వాడిన సిరంజితో మళ్ళీ సీసాలోంచి లాగితే చాలు, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ పాకే దారి తెరుచుకుంటుంది.

ముప్పు మరింత ఎక్కువ ఉన్నవారు

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారికి ఈ రకం మందు తోడైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆకలి లేక అన్నం మానేసి, మాత్ర మాత్రం అలవాటుగా వేసుకుంటే చెమటలు, వణుకు, తికమక మొదలై స్పృహ తప్పే దాకా పోతుంది. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, రంజాన్ ఉపవాసాలు చేసేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

క్లోమం వాపు ఒకసారి వచ్చినవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు, గుండె లయ సమస్య ఉన్నవారు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారు దీని జోలికి పోకూడదు. కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి జీఎల్‌పీ-1 తరగతి ఆమోదిత మందులు కూడా ఇవ్వరు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, త్వరలో బిడ్డ కావాలనుకునేవారు పూర్తిగా దూరంగా ఉండాలి. పెళ్ళయిన వెంటనే గర్భం దాల్చే అవకాశం ఉంది కాబట్టి, పెళ్ళికూతుళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం. దీని దగ్గరి బంధువైన టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించగలదు కూడా. డాక్టర్ రాసిన మౌంజారో, వెగోవీ వంటివి వాడుతూనే, ఇంకా త్వరగా తగ్గాలని ఈ సీసాను దానికి జోడించడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఒకే దారిలో పనిచేసే రెండు మందుల భారాన్ని ఒకే కడుపు మీద మోపడమే అది.

ఇప్పటికే తీసుకున్నట్టయితే

తర్వాతి ఇంజెక్షన్ ఆపేయండి. సీసా, పెట్టె, బిల్లు ఉంటే బిల్లు, అమ్మినవారి సందేశాలు దాచి ఉంచండి, పారేయకండి. మీకు వైద్యం చేసేవారికి అవి పనికొస్తాయి. ఏ రోజు ఎంత తీసుకున్నారో, ఏ సిరంజితో తీసుకున్నారో కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించండి. సిగ్గుపడి అజీర్తి అని చెబితే వైద్యం తప్పుదారి పడుతుంది.

పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి క్లోమం వాపు కావచ్చు. కుడి డొక్కలో నొప్పి, జ్వరం, కళ్ళు పచ్చబడటం పిత్తాశయ సమస్యకు గుర్తులు. గుక్కెడు నీళ్ళు కూడా నిలవక మూత్రం తగ్గిపోతే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఛాతీ నొప్పి, గుండె దడ ఆగకపోవడం, ముఖం వాచి ఊపిరి ఆడకపోవడం, చలితో జ్వరం, పొడిచిన చోట ఎర్రగా వాచి చీము పట్టడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ ఏదైనా ఉంటే, అది పంటి పనే అయినా సరే, మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈ సంగతి తప్పక చెప్పాలి. ఈ మందులు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండి, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మరి బరువు తగ్గాలంటే

మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో చట్టబద్ధంగా అమ్మకానికి వచ్చాయి. డాక్టర్ చీటీతో, బిల్లుతో, బ్యాచ్ నంబరుతో దొరుకుతాయి. అవీ అందరికీ సరిపడవు, వాటికీ దుష్ప్రభావాలున్నాయి. కానీ ఏదైనా జరిగితే అడగడానికి తయారీదారు, రాసిన డాక్టర్, అమ్మిన షాపు ఉంటాయి. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్ళేముందు థైరాయిడ్, చక్కెర, కాలేయం, కిడ్నీ పరీక్షలు చేయించుకుంటే సమయం కలిసొస్తుంది. మందు వాడినా వాడకపోయినా, వేగంగా దిగిన బరువులో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు తగ్గించకుండా, బరువులెత్తే వ్యాయామం చేస్తూ తగ్గడమే మేలు.

రెటాట్రుటైడే కావాలన్న పట్టుదల ఉంటే దానికీ చట్టబద్ధమైన దారి ఒకటుంది, క్లినికల్ ట్రయల్‌లో చేరడం. భారతదేశంలో జరిగే పరీక్షలన్నీ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదవ్వాలి. ఏ ఊళ్ళో, ఏ ఆసుపత్రిలో జరుగుతున్నాయో అందులో ఎవరైనా వెతుక్కోవచ్చు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ముందుగా మీ రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. మందుకు మిమ్మల్ని డబ్బడిగి, ట్రయల్ అని పేరు పెడుతున్నవారెవరైనా ఉంటే అది ట్రయల్ కాదు.

ఏ మందు వల్లనైనా ఇబ్బంది కలిగితే కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను నమోదుచేసే) కార్యక్రమం సహాయ నంబరు 1800-180-3024కు తెలియజేయవచ్చు. డాక్టరే చెప్పాలని లేదు, రోగి గానీ ఇంట్లోవారు గానీ చెప్పవచ్చు. అనుమతి లేని సీసాలు మీ ఊళ్ళో అమ్ముతున్నట్టు తెలిస్తే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి, అంటే మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు, ఫిర్యాదు చేయండి.