పేదోళ్ళే నేరాలు చేస్తారా? మన బ్లాకులోనే లెక్క తీసి చూడండి

ఒడిశాలోని మల్కనగిరి, కొరాపుట్ వైపు డిగ్రీలో సోషియాలజీ చదువుతూ ప్రాజెక్టుకి వర్గం, నేరం అనే టాపిక్ తీసుకున్నవాళ్ళ కోసం ఇది. పోలీసు రికార్డులో కనిపించేది జరిగిన నేరాలన్నీ కాదు, దొరికిన నేరాలు మాత్రమే. దీన్ని మరిచిపోతే ప్రాజెక్టంతా తప్పుదారి పడుతుంది.

ముందు ఒక్క గంజాయి కేసు తీసుకోండి. మోటు దాటి చింతూరు వైపు వెళ్ళే దారిలో మూటతో దొరికిన కుర్రాడి కేసైనా సరే. సరుకు ఎవరిది, పెట్టుబడి ఎవరు పెట్టారు, మోసినవాడికి కూలి ఎంత, చివరికి ఎఫ్ఐఆర్‌లో ఎవరి పేరుంది, ఇవి వరసగా రాసుకోండి. సరుకు 20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నిరోధక) చట్టం కింద కనీసం పదేళ్ళ శిక్ష, పైగా 37వ సెక్షన్ వల్ల బెయిలు రావడం చాలా కష్టం. ఆ బరువంతా పడేది మోసినవాడి మీదే. పెట్టుబడి పెట్టినవాడు ఆ దారిలో అడుగే పెట్టడు కదా!

తర్వాత అదే బ్లాకు ఉపాధి హామీ సోషల్ ఆడిట్ (పనులు, ఖర్చులు ఊరి జనం ముందు పెట్టి చేసే తనిఖీ) రిపోర్టులు తీయండి, అవి ఆన్‌లైన్‌లో ఉంటాయి. దొంగ మస్టర్లు (తప్పుడు కూలీ హాజరు పట్టీలు), చేయని పనికి బిల్లులు బయటపడ్డ చోట ఏం జరిగిందో చూడండి: ఎన్నిట్లో డబ్బు కట్టించుకుని వదిలేశారు, ఎన్ని కేసు దాకా వెళ్ళాయి? ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడమే మీ ప్రాజెక్టుకి ప్రాణం.

థియరీకి ఇద్దరు చాలు. డబ్బు సంపాదించమని అందరికీ చెప్పి దారి మాత్రం కొందరికే ఇచ్చే సమాజంలో ఒత్తిడి ఎలా పుడుతుందో అమెరికన్ సోషియాలజిస్టు మెర్టన్ 1938లో చెప్పాడు. 1939లో ఇంకో అమెరికన్ సోషియాలజిస్టు సదర్లాండ్ వైట్ కాలర్ నేరం (హోదా ఉన్నవాళ్ళు తమ ఉద్యోగంలో, వ్యాపారంలో చేసే నేరం) గురించి మాట్లాడి, పేదరికమే నేరానికి మూలం అనే వాదనను గట్టిగా ఎదిరించాడు. మన ప్రాంతానికి నాకు సదర్లాండే ఎక్కువ పనికొస్తాడనిపిస్తుంది.

ఫలానా కులానికి దొంగతనం అలవాటు అని ఎవరైనా చెప్తే రాసుకోండి, కానీ కారణంగా వాడకండి. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టుకతోనే మనుషుల మీద ఆ ముద్ర వేసింది. 1952లో చట్టం పోయింది గానీ ముద్ర ఇంకా పోలేదు.

జైలు లెక్కలకి ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) రిపోర్టు చూడండి. 2022లో దేశంలోని ఖైదీల్లో సుమారు నాలుగింట మూడొంతులు విచారణలో ఉన్నవాళ్ళే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. వాళ్ళని నేరస్తుల లెక్కలో కలపకండి.

కుటుంబాలతో మాట్లాడేటప్పుడు పేర్లు రాయొద్దు, అడక్కుండా ఫోన్‌లో రికార్డు చేయొద్దు. ఇంట్లో తెలుగో కోయో మాట్లాడతారు, పోలీసు కాగితాలు ఒడియాలో ఉంటాయి. అందులో ఏముందో చాలామందికి తెలియదు కాబట్టి ఒడియా చదవగలిగినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవాళ్ళు లేక లోపలే ఉండిపోయినవాళ్ళు కనబడితే మాత్రం నోట్స్ రాసుకుని వచ్చేయకండి, జిల్లా న్యాయ సేవా సంస్థకి చెప్పండి, లేదా 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.