గవర్నర్‌పై అభిశంసన వార్త వస్తే దాన్ని ఎలా చదవాలి?

"గవర్నర్‌ను అభిశంసించిన అసెంబ్లీ" అని హెడ్డింగ్ కనిపించగానే ఆ గవర్నర్ పదవి ఊడిపోయిందనే అనుకుంటాం. చాలాసార్లు ఊడదు. కెన్యాలో మేరు కౌంటీ (జిల్లా లాంటి ప్రాంతం) గవర్నర్ కవిరా మ్వంగాజాను అక్కడి కౌంటీ అసెంబ్లీ 2022లో ఒకసారి, 2023లో ఇంకోసారి అభిశంసించింది. రెండుసార్లూ దేశ పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో ఆమె గట్టెక్కి, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. అభిశంసన అంటే చార్జిషీటు వేయడం. తీర్పు వేరే చోట వస్తుంది.

ఇంకో ముక్క ముందే చెప్పాలి. ఇక్కడ మాట్లాడేది జనం ఓట్లతో గెలిచిన గవర్నర్ల గురించి. భారత రాజ్యాంగంలోని గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు, వద్దనుకుంటే రాష్ట్రపతే తీసేస్తారు. అసెంబ్లీ అభిశంసించి దించే పద్ధతి అక్కడ లేదు. అమెరికా రాష్ట్రాల్లో, కెన్యా కౌంటీల్లో, నైజీరియా రాష్ట్రాల్లో ఉంది.

ముందుగా ఆ చోటి రూలు వెతకండి

ఇలాంటి వార్త వచ్చినప్పుడు నేనైతే ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసుకుంటాను: అభియోగం మోపేది ఎవరు, విచారించేది ఎవరు, ఎన్ని ఓట్లు కావాలి, ఎంతమందిలో. రాజ్యాంగంలోనో చట్టంలోనో ఇవి ఒకటి రెండు పేజీల్లోనే దొరుకుతాయి. టీవీ చర్చ గంటసేపు విన్నా దొరకవు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దిగువ సభ అభియోగం మోపుతుంది, సెనేట్ విచారిస్తుంది. నెబ్రాస్కాలో ఉన్నది ఒకటే సభ కాబట్టి విచారణ సుప్రీంకోర్టు జడ్జీల పని. ఒరెగాన్ శాసనసభకైతే 2024 నవంబర్‌లో ఓటర్లు ఒప్పుకునే దాకా గవర్నర్‌ను అభిశంసించే అధికారమే లేదు. కెన్యాలో కౌంటీ అసెంబ్లీ తీర్మానం చేస్తే దేశ సెనేట్ వింటుంది. నైజీరియాలో మొదలుపెట్టేదీ ముగించేదీ ఒకే అసెంబ్లీ, మధ్యలో ఆ రాష్ట్ర చీఫ్ జడ్జి వేసిన ఏడుగురి కమిటీ విచారిస్తుంది. ఆ కమిటీ ఆరోపణ రుజువు కాలేదంటే కథ అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత తలలు లెక్కపెట్టండి

అసలు ఆట అంతా ఇక్కడే. "మూడింట రెండొంతులు" అని రాసి ఉంటే, దేనిలో రెండొంతులు అని అడగండి. ఆ రోజు సభకు వచ్చినవాళ్లలోనా, మొత్తం సభ్యుల్లోనా?

నైజీరియాలోని ఓయో రాష్ట్రాన్ని చూడండి. అసెంబ్లీలో 32 మంది. అందులో మూడింట రెండొంతులంటే 22. 2005 డిసెంబర్‌లో 18 మంది సభ్యులు అసెంబ్లీ భవనంలో కాకుండా ఇబాదాన్‌లోని ఒక హోటల్లో కూర్చుని గవర్నర్ రషీద్ లదోజాపై నోటీసు తయారుచేశారు. 2006 జనవరిలో ఆ 18 ఓట్లతోనే ఆయన్ను దించేశామన్నారు. డిప్యూటీ గవర్నర్ కుర్చీ ఎక్కేశారు కూడా. లెక్కకు ఇంకా నలుగురు తక్కువ. సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబర్‌లో ఆ తొలగింపు చెల్లదని తేల్చింది, లదోజా తిరిగొచ్చారు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన తప్పు సరిదిద్దడానికి దాదాపు ఏడాది పట్టింది.

లెక్క తెలిసినవాడు విచారణనే ఆపేయగలడు. 1929లో అమెరికాలోని లూసియానా రాష్ట్ర సెనేట్‌లో 39 మంది. గవర్నర్ హ్యూయీ లాంగ్‌ను దించాలంటే 26 ఓట్లు కావాలి. సాక్ష్యం ఏదైనా సరే తాము దోషి అని ఓటు వేయబోమని 15 మంది సెనేటర్లు ఒక కాగితం మీద సంతకాలు పెట్టేశారు. మిగిలింది 24 మంది. విచారణ అక్కడే కూలబడింది.

కెన్యాలో ఇంకో మెలిక ఉంది. సెనేటర్లు 67 మంది, కానీ ఈ ఓటింగ్‌లో కౌంటీకి ఒకటే ఓటు, అంటే మొత్తం 47. అందుకే 24 వస్తే చాలు. 2020 డిసెంబర్‌లో నైరోబీ గవర్నర్ మైక్ సోంకో పదవి పోయింది 27 ఓట్లతో.

ఈలోగా కుర్చీలో ఎవరున్నారు?

చిన్న ప్రశ్నే, కానీ మర్చిపోతాం. కెన్యాలో సెనేట్ తేల్చేదాకా గవర్నరే గవర్నర్. అమెరికాలోని అరిజోనాలో దిగువ సభ అభిశంసిస్తే విచారణ ముగిసేలోపే అధికారాలు చేజారతాయి. 1988లో గవర్నర్ ఎవాన్ మీచమ్‌ను అభిశంసించాక సెక్రటరీ ఆఫ్ స్టేట్ (ఆ రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి అధికారి) రోజ్ మాఫర్డ్ తాత్కాలిక గవర్నర్ అయ్యారు.

విచారణను అభియోగం అభియోగంగా చూడండి

"అవినీతి" అని మొత్తంగా ఒక ఓటు ఉండదు. ఒక్కో అభియోగానికి ఒక్కో ఓటు వేస్తారు, సాధారణంగా ఒక్కటి నెగ్గినా పదవి పోతుంది. మీచమ్ మీద మూడు ఉండేవి. ఒకటి సెనేట్ పక్కన పెట్టేసింది. దర్యాప్తును అడ్డుకున్నారన్న దానికి 21-9, ప్రభుత్వ నిధిలోంచి 80,000 డాలర్లు తన కార్ల షోరూంకు అప్పుగా మళ్లించారన్న దానికి 26-4 వచ్చాయి. అక్కడ 30 మందిలో 20 చాలు.

కొన్నిసార్లు విచారణ అనేది పేరుకే. ఇల్లినాయ్ గవర్నర్ రాడ్ బ్లగోయెవిచ్ 2008 డిసెంబర్‌లో అరెస్టయ్యారు. 2009 జనవరి 9న దిగువ సభ 114-1తో అభిశంసించింది. ఐదు రోజులకే కొత్త సభ కొలువుదీరింది కాబట్టి మళ్లీ ఓటు వేయాల్సి వచ్చింది: 117-1. రెండోసారి వద్దన్న ఆ ఒక్కరు ఎవరో కాదు, ఆయన మరదలే. సెనేట్ విచారణ మొదలైతే ఆయన న్యూయార్క్‌లో టీవీ షోల చుట్టూ తిరిగారు. చివరి రోజు వచ్చి మాట్లాడారు, అదీ ప్రమాణం చేసి సాక్షిగా కాదు. 59-0. అదే రోజు లెఫ్టినెంట్ గవర్నర్ పాట్ క్విన్ ప్రమాణ స్వీకారం చేశారు.

రెండో ఓటు కోసం ఆగండి

దించడం ఒక ఓటు, మళ్లీ పోటీ చేయకుండా నిషేధించడం కొన్నిచోట్ల మరో ఓటు. బ్లగోయెవిచ్‌కు రెండూ 59-0. మీచమ్ విషయంలో నిషేధానికి 17 ఓట్లే పడ్డాయి. దాంతో ఆయన 1990లో మళ్లీ గవర్నర్ పదవికి బరిలో దిగారు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి.

క్రిమినల్ కేసుతో కలపొద్దు

సభ పదవి తీసేస్తుంది, జైలుకు పంపడం దాని చేతిలో లేదు. పదవి పోయిన మీచమ్ అదే ఏడాది క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. బ్లగోయెవిచ్‌కు మాత్రం కోర్టు 14 ఏళ్ల జైలు వేసింది.

చివరిగా కోర్టు. సెనేట్ ఓటు పడిన రాత్రే కొత్త గవర్నర్ పేరు రాసేసుకోకండి. మేరు కౌంటీ అసెంబ్లీ మూడోసారి తీర్మానం పంపినప్పుడు, 2024 ఆగస్టులో, సెనేట్ సరేనంది. మ్వంగాజా కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుని పనిచేస్తూనే ఉన్నారు. 2025 మార్చిలో హైకోర్టు ఆమె పిటిషన్ కొట్టేశాకే డిప్యూటీ గవర్నర్ ఐజాక్ ముటుమా ప్రమాణ స్వీకారం చేశారు.