ఫిక్స్‌డ్ గేర్ సైకిలును ఆపడం: నాకు కుదిరిన పద్ధతి

ఫిక్స్‌డ్ గేర్ సైకిలులో వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. బంజారాహిల్స్ వాలు దిగేటప్పుడల్లా నా ఫిక్స్‌డ్ గేర్ సైకిలు పెడళ్లు కాళ్లను ఎత్తి పడేసేవి, వేగం తగ్గేది కాదు. సీటు ఎత్తు, బూట్లు మార్చినా, వెనక చక్రాన్ని ఈడ్చి ఆపబోయినా లాభం లేకపోయింది.

చివరికి ఖాళీ మైదానంలో, నడక వేగంతో మొదలుపెట్టాను. ముందు బ్రేకు సరిచూసుకుని, పాదాలను పెడళ్లకు పట్టి ఉంచే పట్టీలు బిగించాను. వెనకవైపు నుంచి పైకి లేచే పెడలు అరికాలిని బరువుగా నెట్టే క్షణం ఒకటుంటుంది. కీలకమంతా అక్కడే. సరిగ్గా అప్పుడు ఆ కాలితో కిందికి అదిమాను, మోకాలు బిగబట్టకుండా. తర్వాతి అరచుట్టులో రెండో కాలు. నాలుగైదు చుట్లకు సైకిలు మెత్తగా నెమ్మదించింది. పూర్తిగా ఆగడానికి మాత్రం ముందు బ్రేకే. దయచేసి దాన్ని తీసేయకండి.

నాది ముందు 44, వెనక 17 పళ్ల గేరు. తొక్కడానికి ఇంతకన్నా బరువైన గేరుకు ఇంత తేలికగా కుదురుతుందని చెప్పలేను.