ప్రోస్టాగ్లాండిన్ మందులు: లేబర్ రూమ్‌లో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు

కాన్పు నొప్పులు తెప్పించడానికి సెలైన్‌లో కలిపి ఎక్కిస్తున్న ఆక్సిటోసిన్‌ను, నొప్పులు మితిమీరుతున్నట్టు కనిపించగానే, గొట్టం మీది చక్రం తిప్పి ఆపేయవచ్చు. కొద్ది నిమిషాల్లో దాని జోరు తగ్గుతుంది. ముఖద్వారాన్ని మెత్తబరిచి నొప్పులు తెప్పించే ప్రోస్టాగ్లాండిన్ మందులకు, అంటే మింగించిన మిసోప్రోస్టాల్‌కు గానీ, గర్భసంచి ముఖద్వారంలో పెట్టిన డైనోప్రోస్టోన్ జెల్‌కు గానీ, అటువంటి చక్రం లేదు. ఈ మందులతో పాటించే జాగ్రత్తల్లో చాలా భాగం ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి.

అందువల్ల అసలు పని మందు ఇవ్వకముందే మొదలవుతుంది. డాక్టర్ ఆర్డర్ రాసి ఉన్నా, పాత కాన్పు ఎలా జరిగిందో, గర్భసంచికి గడ్డల ఆపరేషన్ వంటిదేమైనా అయిందో గర్భిణిని మళ్లీ అడగాలి. సిజేరియన్ అయిన గర్భసంచికి నెలలు నిండాక మిసోప్రోస్టాల్ ఇస్తే పాత కుట్టు దగ్గర చీలే ప్రమాదం ఉంది కనుక, నొప్పులు తెప్పించడానికి అటువంటివారికి దాన్ని వాడరు. కేస్ షీట్‌లో రాయడం మరిచిపోయినా, పొత్తికడుపు దిగువన అడ్డంగా ఉండే సన్నని మచ్చ కళ్లకు కనిపిస్తుంది. కాబట్టి చూసి తీరాలి. బిడ్డ అడ్డంగా లేదనీ, మాయ కిందికి లేదనీ, బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటోందనీ, నొప్పులు ఇప్పటికే జోరుగా రావడం లేదనీ నిర్ధారించుకుని, ముఖద్వారం కాన్పుకు ఎంత సిద్ధంగా ఉందో చెప్పే బిషప్ స్కోరు నమోదు చేయాలి. ఆ స్కోరు 6 లేదా అంతకంటే తక్కువగా ఉన్నప్పుడే ముఖద్వారాన్ని మెత్తబరిచే ఈ మందుల అవసరం సాధారణంగా ఉంటుంది.

మిసోప్రోస్టాల్‌లో తప్పు జరిగేది ఎక్కువగా మోతాదు దగ్గరే. మార్కెట్లో విరివిగా దొరికేది 200 మైక్రోగ్రాముల మాత్ర కాగా, నొప్పులు తెప్పించడానికి కావలసింది 25 మైక్రోగ్రాములు, అంటే అందులో ఎనిమిదో వంతు మాత్రమే. బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేస్తే కొంత పొడి రాలిపోయి, ఏ రెండు ముక్కలూ సమానంగా రావు. ఈ పద్ధతిని నేను ఎన్నడూ సమర్థించను. 25 మైక్రోగ్రాముల మాత్రలే తయారై దొరుకుతున్నాయి. అవి లేనిచోట 200 మైక్రోగ్రాముల మాత్రను 200 మిల్లీలీటర్ల తాగునీటిలో పూర్తిగా కరిగించి, ప్రతిసారీ బాగా కలిపి, 25 మిల్లీలీటర్లు కొలిచి తాగించడం మేలు. మిగిలిన నీటిని 24 గంటల తర్వాత పారబోయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం నోటి ద్వారా అయితే రెండు గంటలకొకసారి, యోని ద్వారా అయితే ఆరు గంటలకొకసారి 25 మైక్రోగ్రాములు ఇస్తారు. మాత్రలు తేమను తట్టుకోవు కాబట్టి, వాడేదాకా స్ట్రిప్‌లోంచి తీయకూడదు.

0.5 మిల్లీగ్రాముల డైనోప్రోస్టోన్ జెల్ సిరంజి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. వాడే ముందు గది వేడికి దానంతట అదే రానివ్వాలి తప్ప, తొందరపడి వేడినీళ్లలో ముంచకూడదు. జెల్ పెట్టాక 15 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, అవసరమైతే ఆరు గంటల తర్వాతే మరో మోతాదుకు వెళ్లాలి.

మందు వేసిన సమయాన్ని గంటా నిమిషంతో సహా రాయండి. ఎందుకంటే జెల్ తర్వాత ఆరు గంటలు, మిసోప్రోస్టాల్ చివరి మోతాదు తర్వాత నాలుగు గంటలు గడవనిదే ఆక్సిటోసిన్ మొదలుపెట్టరు, డ్యూటీ మారాక వచ్చే నర్సుకు ఆ అంకె తప్ప వేరే ఆధారం ఉండదు. ఆ తర్వాత అరచేతిని కడుపు పైభాగాన ఆనించి, గడియారం చూస్తూ పది నిమిషాలు నొప్పులు లెక్కపెట్టాలి. అయిదుకు మించి వస్తున్నా, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నా, తర్వాతి మోతాదు ఆపి, గర్భిణిని ఎడమవైపు తిప్పి, వెంటనే డాక్టర్‌ను పిలవాలి. యోనిలో పెట్టిన మాత్ర ఇంకా కరగకుండా ఉంటే తీసేయాలి. గర్భసంచిని సడలించే టెర్బుటాలిన్ 0.25 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ చేతికి అందేలా ఉండాలి.

కాన్పు తర్వాత గర్భసంచి బిగుసుకోక రక్తం పోతున్నప్పుడు, ఆక్సిటోసిన్‌తో ఆగకపోతే వాడే కార్బోప్రోస్ట్ కూడా ఈ కుటుంబానిదే. 250 మైక్రోగ్రాములు కండకు మాత్రమే ఇస్తారు, నరానికి ఎన్నడూ ఇవ్వరు. కనీసం 15 నిమిషాల ఎడంతో, మొత్తం 8 మోతాదులు మించకూడదు. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోతాయి కనుక ఇది పనికిరాదు. రక్తం కారిపోతున్నప్పుడు ఆయాసం సంగతి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అడ్మిషన్ నాడే అడిగి, కేస్ షీట్ పైన ఎర్ర సిరాతో రాసిపెట్టాలి. ఉబ్బసం ఉందని తెలిస్తే కార్బోప్రోస్ట్‌కు బదులుగా మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు నాలుక కింద పెట్టే మార్గం ఉంటుంది. దానితో వణుకు, జ్వరం వస్తాయని బాలింతతోనూ, పక్కన ఉన్న ఆమె తల్లితోనూ ముందే చెప్పి, దుప్పటి సిద్ధంగా ఉంచండి.